సంఘం గదికి లైట్ల డబ్బా వద్దు, చప్పుడు లేని చిన్న కంప్యూటర్ చాలు



ఊళ్లలో యువజన సంఘం గదులకి కంప్యూటర్ కొనాలని చర్చ నడుస్తోంది కదా. చాలామంది అద్దం కేబినెట్, రంగు లైట్లు, గ్రాఫిక్స్ కార్డు ఉన్న ఫోటోలు పెడుతున్నారు. చూడ్డానికి బాగానే ఉన్నాయి. కానీ నా అభిప్రాయం వేరు. మన గదికి కావాల్సింది చిన్నది, చప్పుడు చెయ్యనిది, కరెంటు తక్కువ తినేది. ఇది చందాలేసుకున్న డబ్బు. ఒకసారి తప్పు సామాను కొంటే మళ్లీ ఊరి దగ్గర చెయ్యి చాపలేం. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు పని ఏంటో చూద్దాం. స్కాలర్‌షిప్ అప్లికేషన్లు, కుల ధృవీకరణ, ఆదాయ ధృవీకరణ పత్రాల స్కానింగ్, ఆర్టీఐ దరఖాస్తులు, గ్రామసభ తీర్మానాలు టైపు చెయ్యడం. 2006 అటవీ హక్కుల చట్టం కింద వ్యక్తిగత హక్కుకి ఫారం-ఏ, సామూహిక హక్కుకి ఫారం-బి, సామూహిక అటవీ వనరులకి ఫారం-సి నింపడం. ఆన్‌లైన్ క్లాసులు, వీడియోలు. ఇందులో ఏ ఒక్క పనికీ విడిగా గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ సరిపోద్ది.

"గేమ్స్ ఆడే కంప్యూటర్ పెడితే కుర్రాళ్లు గదికి వస్తారు" అని ఒక అన్న రాశాడు. కుర్రాళ్లు రావాలన్న ఆయన ఆలోచన మంచిదే. కానీ ఒక్క కంప్యూటర్ దగ్గర ఇద్దరు ఆడుతుంటే పట్టా కాగితం స్కాన్ చేయించుకుందామని వచ్చిన తాత గుమ్మం దగ్గరే నిలబడాలి. ఆటకి వాలీబాల్ కోర్టు ఉంది.

చప్పుడు సంగతి చిన్నదిగా తీసెయ్యకండి. మనకి ఉండేది ఒకే గది. ఒక మూల పదో తరగతి పిల్లలు చదువుకుంటారు, ఇంకో మూల మీటింగ్ జరుగుద్ది. ఇంకో పని కూడా ఉంది. కువి, కుపియా, కొండ భాషల్లో పెద్దోళ్లు చెప్పే కథలు, పాటలు రికార్డు చేద్దామని మనమే అనుకున్నాం. పక్కన ఫ్యాన్ బుయ్యిమంటుంటే ఆ రికార్డింగ్ ఎందుకూ పనికిరాదు. అమ్మమ్మ మెల్లగా చెప్పిన మాట రెండోసారి అలాగే చెప్పదు.

చప్పుడు ఎక్కడి నుంచి వస్తాదో తెలిస్తే సగం పని అయినట్టే. ఒకటి, లోపల గిర్రున తిరిగే పాత హార్డ్ డిస్క్. ఎస్ఎస్‌డీలో తిరిగేది ఏమీ లేదు, కాబట్టి చప్పుడు లేదు, వేగం కూడా ఎక్కువ. రెండు, చిన్న ఫ్యాన్లు. చిన్న ఫ్యాన్ అంతే గాలి తోలాలంటే చాలా వేగంగా తిరగాలి, అందుకే కీచుమంటాది. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ నెమ్మదిగా తిరిగినా సరిపోద్ది. మూడు, వేడి. తక్కువ కరెంటు తినే ప్రాసెసర్ తక్కువ వేడెక్కుద్ది, అప్పుడు ఫ్యాన్‌కి పనే తక్కువ.

ఇక కరెంటు. వానాకాలంలో మన కొండల మీద కరెంటు సంగతి మీకు నేను చెప్పాలా? లెక్కే చూద్దాం. 12 వోల్టుల 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీ అంటే కాగితం మీద 1800 వాట్-అవర్లు. ఇన్వర్టర్ తనకోసం కొంత తింటాది, బ్యాటరీని పూర్తిగా దించకూడదు, కాబట్టి సగం, 900 అనుకుందాం. చిన్న కంప్యూటర్ 30 వాట్లు, మానిటర్ 20 వాట్లు, మొత్తం 50 అనుకుంటే 18 గంటలు నడుస్తాది. పెద్ద డబ్బా గ్రాఫిక్స్ కార్డు, లైట్లతో 100 వాట్లు తిని, మానిటర్ 20 కలిస్తే ఏడున్నర గంటలే. గదిలో బల్బులు, ఫ్యాను కూడా అదే బ్యాటరీ మీద ఉంటే ఇంకా తగ్గుద్ది. అప్లికేషన్ చివరి రోజున ఈ తేడా చిన్నది కాదు.

సామాన్ల విషయానికొస్తే నా లెక్క ఇది.

ప్రాసెసర్: ఇంటెల్ కోర్ ఐ3-12100 లాంటిది, లేదా రైజెన్ 5 5600జీ లాంటిది. మన పనికి ఇంతకంటే పెద్దది దండగ. ఒక్కటి జాగ్రత్త: ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే, అంటే 12100ఎఫ్ అయితే, దానిలో గ్రాఫిక్స్ ఉండదు. కొంచెం తక్కువ ధరకి వస్తోందని తీసుకుంటే తెర మీద బొమ్మ రావడానికి మళ్లీ కార్డు కొనాలి.

ర్యామ్: 8 జీబీతో నడుస్తాది, 16 ఉంటే చాలా ఏళ్లు నిశ్చింత. డబ్బు సరిపోకపోతే 8 జీబీది ఒకటి వేసి రెండో స్లాట్ ఖాళీగా ఉంచండి.

స్టోరేజ్: 500 జీబీ ఎస్ఎస్‌డీ. దాంతోపాటు బయట పెట్టుకునే డిస్క్ ఒకటి తప్పనిసరి. ఊరి పట్టా కాగితాలు, తీర్మానాలు వారానికోసారి అందులో కాపీ చేసి, వేరే ఇంట్లో దాచాలి.

మదర్‌బోర్డు, కేబినెట్: మినీ-ఐటీఎక్స్ బోర్డు 170 మిల్లీమీటర్ల చదరం. ముచ్చటగా ఉంటాది గానీ ధర ఎక్కువ, ర్యామ్ స్లాట్లు రెండే. మైక్రో-ఏటీఎక్స్ దాదాపు 244 మిల్లీమీటర్లు, చిన్న షాపులో కూడా దొరుకుద్ది. మనకి చిన్న మైక్రో-ఏటీఎక్స్ కేబినెట్ మంచిదని నా మాట. చిన్నదనం కోసం రిపేరు కష్టం చేసుకోకూడదు.

పవర్ సప్లై: కేబినెట్‌తో ఊరికే వచ్చేది వద్దు. 80 ప్లస్ గుర్తు ఉన్న మంచి కంపెనీది, 400-450 వాట్లది చాలు. పైసలు మిగుల్చుకోవాలంటే వేరే చోట మిగుల్చుకోండి. అది కాలిపోతే మిగతావాటిని కూడా తనతో తీసుకుపోవచ్చు.

"అరచేతంత మినీ పీసీలు వస్తున్నాయిగా" అని అడుగుతారు. నిజమే. ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ రేటింగ్ 6 వాట్లే, మానిటర్ వెనక బిగించేయొచ్చు. కానీ దానిలో ప్రాసెసర్ బోర్డుకే అతికి ఉంటాది. బోర్డు పోతే మొత్తం పోయినట్టే. కరెంటు బాగా కష్టంగా ఉన్న ఊరికి, సోలార్ మీద నడిపే గదికి అదే మంచిది. ఘాట్ దిగి రిపేరుకి తీసుకెళ్లే పని తప్పాలనుకునే ఊరికి మాత్రం విడి సామాన్లది మంచిది.

ఆఫీసుల్లో వాడి అమ్మే పాత చిన్న డబ్బాలు కూడా దొరుకుతున్నాయి. డబ్బు తక్కువైతే తప్పులేదు. కానీ విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11కి ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆపైది కావాలి. అంతకంటే పాతది అంటగడితే వద్దనండి, లేదా లినక్స్, లిబ్రే ఆఫీస్ వేసుకుందామని ముందే నిర్ణయించుకోండి. తెలుగు టైపింగ్ దానిలోనూ బాగానే వస్తాది. ఆదిలాబాద్ గోండు అన్నలకి ఇంకో మాట: మసరం గోండి 2017లో, గుంజాల గోండి 2018లో యూనికోడ్‌లో చేరాయి. నోటో ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. మన లిపి కోసం ఖరీదైన మెషిన్ అక్కర్లేదు.

మరి ల్యాప్‌టాప్ ఎందుకు కాదు? బ్యాటరీ ఉంటాది, చప్పుడు తక్కువ, ఒప్పుకుంటా. కానీ చేతిలో పట్టేది ఏదైనా మెల్లగా ఎవరో ఒకరి ఇంటికి చేరుద్ది. అప్పుడు ఊరి కంప్యూటర్ కాస్తా ఆ ఇంటి కంప్యూటర్ అవుద్ది, అక్కడికి వెళ్లి అడగడానికి ఆడపిల్లలు మొహమాటపడతారు. బల్ల మీద ఉన్నది గదిలోనే ఉంటాది. పెద్ద తెర ముందు నలుగురు కూర్చుని, ఫారంలో ఏం రాస్తున్నామో సర్వే నంబరుతో సహా చూసుకోవచ్చు.

నాకు అన్నిటికంటే ముఖ్యం అదే. ఇప్పటిదాకా మన కాగితాలు మండలంలో ఎవరో నెట్ సెంటర్‌లో ఎవరో టైపు చేశారు. పేరులో ఒక అక్షరం తప్పు పడితే మళ్లీ చార్జీ, మళ్లీ కూలి రోజు పోవడం. మన గదిలో మనమే నింపుకుంటే ఆ తప్పు మనకే ముందు కనబడుద్ది, కాపీ మన దగ్గరే ఉంటాది.

కాబట్టి షాపుకి వెళ్లి "మంచి కంప్యూటర్ చూపించండి" అని అడగొద్దు. ముందే కాగితం మీద ఒక్కో సామాను పేరు, మోడల్ నంబరు రాసుకుని, కనీసం మూడు షాపుల్లో కొటేషన్ తీసుకోండి. బిల్లు సంఘం పేరు మీద, సీరియల్ నంబర్లతో ఉండాలి. కొన్నాక నేల మీద పెట్టకండి, చెమ్మ ఎక్కుద్ది. వెనక ఖాళీ స్లాట్లకి రేకు బిగించండి, బల్లులు, చీమలు దూరతాయి. నెలకోసారి బ్రష్‌తో దుమ్ము దులపండి. ఉరుములు మొదలైతే స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్గే పీకెయ్యండి.

మీ ఊరి గదికి కరెంటు ఎలా ఉంది, ఇన్వర్టర్ ఉందా, ఎంత డబ్బు పోగైంది రాయండి. లిస్టు కలిసి తయారు చేద్దాం.

జై ఆదివాసీ.