సాంభర్ నీరు ఎటూ పోదు

జైపూర్‌కు పడమరగా, థార్ ఎడారి అంచున ఉంది సాంభర్. మన దేశంలో సముద్రంతో సంబంధం లేని ఉప్పు సరస్సుల్లో ఇదే పెద్దది. వానలకు మేంఢా, రూపన్‌గఢ్ ఏర్లు నీళ్లు తెచ్చి పోస్తాయి. వచ్చిన నీరు బయటికి పోయే దారి లేదు, ఎండ తాగాల్సిందే. ఎండేమో నీటిని తాగి ఉప్పును వదిలేస్తుంది. నీరు చిక్కబడేకొద్దీ ఉప్పును తట్టుకునే డునాలియెల్లా నాచు, సూక్ష్మజీవులు పెరిగి గులాబీ, ఎరుపు రంగులు తేలతాయి. నీరున్న ఏట ఫ్లెమింగోలు దిగుతాయి. 1990లో దీన్ని రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. ఇంత ఉప్పు ఎక్కడిదంటే, కచ్ఛ్ నుంచి గాలి మోసుకొచ్చిందని 1909లో శాస్త్రవేత్తలు హాలండ్, క్రిస్టీ వాదించారు. ఆ వాదన ఎలా ఉన్నా, వచ్చింది పోలేదన్నది మాత్రం కళ్లముందే ఉంది.

చినగంజాం ఉప్పు కొఠార్లలోనూ జరిగేది ఇదే. అక్కడ మాత్రం మనిషి కావాలనే గట్టు వేసి నీటిని ఆపుతాడు. నా బెంగ కొఠార్ల గురించి కాదు, నాగార్జున సాగర్ కుడి కాలువ ఆయకట్టు గురించి.

1967 నుంచి నీరొస్తోంది. మంచినీటిలోనూ కొంత ఉప్పుంటుంది. లీటరుకు 300 మిల్లీగ్రాములే అనుకున్నా, ఎకరంలో అడుగు లోతు నీరు పెడితే 370 కిలోల ఉప్పు చేనికి చేరినట్టే. మన నల్లరేగడి తడిస్తే ఉబ్బి బిగుసుకుంటుంది, నీటిని కిందికి సులువుగా దిగనివ్వదు. పల్లపు చేలల్లో ఊటనీరు పైకొచ్చి మీటరు లోతుకు చేరిందంటే, నేల దాన్ని పైకి పీలుస్తుంది, మిగతా పని ఎండ చేస్తుంది. తెల్లగా పాలచౌడు పొంగుతుంది. మట్టి సారంలో ఉప్పు కొలత మీటరుకు 7.7 డెసీసీమెన్లు దాటేదాకా పత్తి ఓర్చుకుంటుంది. మిర్చికైతే 1.5 దగ్గరే దిగుబడి పడిపోవడం మొదలు. కాబట్టి ముందు దెబ్బ తగిలేది మిర్చి రైతుకే.

దీనికి మందు మన దగ్గరే పరీక్షించారు. ఇండో-డచ్ పథకం కింద బాపట్ల శాస్త్రవేత్తలు అప్పటి ప్రకాశం జిల్లా కొనంకి, ఉప్పుగుండూరు పొలాల్లో నేలలోపల చిల్లుల గొట్టాలు పరిచి మురుగును బయటికి తోడారు. సాంభర్‌కు లేని సముద్రం మనకుంది. అయినా కాలువ నీటి కోసం రోడ్డెక్కే మనం, తూటికాడ, గుర్రపుడెక్క కమ్మిన డ్రెయిన్ గురించి నోరెత్తం. చౌడు కనబడ్డాక జిప్సం బస్తాల కోసం వెతుకుతాం. జిప్సం పనికొచ్చేది సోడియం ఎక్కువైన కారుచౌడుకు. అక్కడైనా అది మట్టి నుంచి విడగొట్టిన సోడియం నీటితో కొట్టుకుపోవడానికి మురుగు దారి తెరిచి ఉండాలి.