అద్దెకోటు నాయకులు

మొన్న సూరతులోని గోడాదరాలో మన తెలుగువారి సంఘము పరీక్షలు నెగ్గిన పిల్లలకు సన్మానసభ జరిపినప్పుడు, వేదిక నలంకరించిన విద్యాధికులొకరు, సభలో సగముమంది రాత్రిపాళీ దిగి నిదురకన్నులతోనే వచ్చి కూర్చున్న సాంచ (మరమగ్గపు) కార్మికులని యెరిగియుండియు, శాలువ సవరించుకొనుచు, "పనిచేసేవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారండీ, పనిచేయించేవాళ్ళకే మన దేశంలో కరువు; మీ పిల్లల్ని ఈ వేసవిలో విశ్వవిద్యాలయంవారి నాయకత్వ శిబిరానికి పంపండి, ఈ సాంచల చప్పుడులోంచి బయటపడతారు" అని సెలవిచ్చిరి. సభ కరతాళధ్వనులతో మారుమ్రోగెను. పనిచేయువారు ఎక్కడనైనను దొరకుదురను మాటకు పనిచేయువారే చప్పట్లు చరచిరి! ఆ దృశ్యము తలపునకు వచ్చినప్పుడెల్ల నాకు కోపము హెచ్చుచున్నదే కాని చల్లారుట లేదు. కావున ఈ వ్యాసమున సమతూకము నాశించువారు దానిని వేరొకచోట వెదకికొందురు గాక.

ఇంతకును ఈ శిబిర మననేమి? డిగ్రీ చదువుచున్న బాలబాలికలను వేసవి సెలవులలో కొన్ని దినములు ఒక చల్లని గదిలో పోగుచేసి, నాయకత్వము, నిర్వహణము అను రెండు మహావిద్యలను ఉపదేశించి, తుదిని ఒక సర్టిఫికెట్టు చేతికిచ్చి పంపుట. అమెరికా విశ్వవిద్యాలయములు తమ వ్యాపారవిద్యాపీఠముల ప్రతిష్ఠను వేసవిలోగూడ పండించుకొనుటకు కనిపెట్టిన యీ యుపాయము, సముద్రము దాటి మన మహానగరములలోని పెద్ద సంస్థలకు వచ్చి, అచ్చటినుండి చిన్న సంస్థలకు జారి, ఇప్పుడు మా పేటలో కిరాణాకొట్టు గోడపై అంటించిన కరపత్రముదాక దిగినది. ప్రతి విద్యార్థియు నాయకుడు కావలెనట! అందరును నాయకులైనచో వెనుక నడచువాడెవడని అడిగినవానిని వెనుకబడినవానిగా లెక్కింతురు.

మా వీధి కుఱ్ఱవాడొకడు బి.కాం. రెండవ సంవత్సరము ముగించి ఒకానొక శిబిరమునకు పోయివచ్చెను. సంస్థ పేరు చెప్పను. ఏ సంస్థ పేరు పెట్టినను కథ మారదు. మొదటిరోజున ఒకరిపై నొకరు బంతి విసరుకొనుచు పేర్లు చెప్పుకొనిరట. రెండవరోజున శీతలపానీయము త్రాగు గొట్టములతోను, అంటుకాగితముతోను గోపురము కట్టిరట. ఎవరి గోపురము ఎక్కువసేపు నిలిచిన వారిది ఉత్తమ బృందమట. ఆ పిమ్మట ప్రశ్నావళి యొకటి నింపించి, నీవు ఎఱ్ఱరంగు మనిషివి, నీవు నీలిరంగు మనిషివి అని నలుగురిని నాలుగు జాతులుగా విభజించిరట; మనకు కులములు చాలనట్లు! ఒక పూట విదేశపు కాఫీదుకాణముల సంస్థ యొకటి పడి లేచిన కథను చర్చించిరి. మరియొక పూట, లిఫ్టులో కోటీశ్వరుడు తటస్థపడినచో అది మీది అంతస్తు చేరులోపల తన్ను తాను ఎట్లు విన్నవించుకొనవలెనో అభ్యసింపజేసిరి. వాని యిల్లు రెండంతస్తుల వరుసయింటిలో మేడమీది గది. దానికి మెట్లుకూడ ఇనుప నిచ్చెనవలె నిట్రముగా నుండును. వానికి లిఫ్టులో కోటీశ్వరుడు తటస్థపడుట యెప్పుడు!

చివరిదినమున ఛాయాచిత్రమునకు కోటు తప్పనిసరి యనిరట. మే నెలలో, సూరతులో, కోటు! తాపీనది గాలికూడ వేడియెక్కి చొక్కా ఒంటికి అంటుకొనిపోవు ఆ దినములలో, పెండ్లివారికి దుస్తులు అద్దెకిచ్చు కొట్టునుండి కోటొకటి తెచ్చి తగిలించుకొని, చెమటలు క్రక్కుచు, సర్టిఫికెట్టును గుండెలకు హత్తుకొని వాడు నిలుచున్న పటము నేను చూచితిని. ఆ కోటు లోపలి అస్తరు పాలియెస్టరు గుడ్డ. ఈ నగరమున లక్షలాది సాంచలు రేయింబవళ్ళు నేయునది ఆ గుడ్డనే. వాని తండ్రి చేతిమీదుగా పోయిన తానులోని ముక్కయే అది యైనను ఆశ్చర్యములేదు. ఆ తండ్రికి మీటరు లెక్కన పగారు. శిబిరపు ఫీజును, కోటు అద్దెను మీటర్లలోనికి మార్చి చూచినచో ఆ మనిషి ఎన్ని రాత్రులు నిలుచుండి నేసిన గుడ్డ ఆ చిరునవ్వు పటము క్రింద పరచబడినదో తెలియును. ఆ లెక్క ఏ ఆచార్యుడును వేయించలేదు.

కొడుకు తిరిగివచ్చిన సాయంకాలము నేనచ్చటనే యుంటిని. తండ్రి పాళీకి బయలుదేరుచు అడిగెను:

"ఏం నేర్చుకొచ్చినవ్ కొడుకా?"

"టీముని ఎట్ల నడపాల్నో నేర్పిండ్రు బాపూ."

"మంచిది. మరి దసరాకు అందరూ ఊరికి పోతమంటరు, సేఠేమో మాల్ ఆగొద్దంటడు. ఎవల్ని పంపాలె, ఎవల్ని ఆపాలె? అది చెప్పిండ్రా?"

"అది సిలబస్‌ల లేదు బాపూ."

సిలబసులో లేని ఆ విద్యను ఆ తండ్రి ఏటేట పరీక్షకు కూర్చొని నెగ్గుచున్నాడు. ఎవని చెల్లెలికి సంబంధము కుదిరినదో, ఎవడు సేఠువద్ద బయానా తీసుకొని చిక్కుపడియున్నాడో, ఎవని సాంచలను పక్కవాడు తనవాటితోపాటు చూచుకొనగలడో అతనికి తెలియును. ఎనిమిది పది సాంచల నడుమ, మాట వినబడని ఆ హోరులో, ఒక్కదాని చప్పుడు మారినంతనే వెనుదిరిగి చూడకయే పడుగుపోగు ఎచ్చట తెగినదో గ్రహించి, దానిని ఆపి ముడివేసి, అంతలో వేరొకదానికి కండె అందించు మనిషికి "కాలనిర్వహణము" నేర్పుటకు వచ్చు అధ్యాపకుని నేను చూడగోరుచున్నాను. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ జిల్లాలలో చేతిమగ్గము మూలబడగా, షోలాపూరు, భీవండి, సూరతు త్రోవపట్టి, లింబాయత్, గోడాదరా, డిండోలీ పేటలలో ఒక తెలుగులోకమునే నిలిపి, సూరతు నగరపాలక సంస్థచేత తెలుగు మాధ్యమమున ప్రాథమిక పాఠశాలలు నడిపించుకొనుచున్న జాతికి నాయకత్వము తెలియదనుట సాహసమా, అజ్ఞానమా?

మా సందు చివర ఒక ఆమె యున్నది. రింగురోడ్డు మార్కెట్టునుండి చీరల మూటలు ఆటోలో దింపించుకొని, లేసు కుట్టుటకు, రాళ్ళు అంటించుటకు, దారపుకొసలు కత్తిరించుటకు ఇంటింటికి పంచి, గడువునకు తిరిగి చేర్చుట ఆమె వృత్తి. ఆమె చేతిలో పొడుగాటి నోటుబుక్కొకటి. అందు ఎవరికెన్ని చీరలు, ఎన్ని మరకపడినవి, ఎవరికి ఎంత బాకీ అని ఆమెకు మాత్రమే బోధపడు గుర్తులు. గదిలోనే వంటచేసికొను ఇంటికి లేతరంగు చీరలు ఇయ్యదు. పసిబిడ్డకు జ్వరము తగిలిన ఇంటికి ఆ వారము మూట తగ్గించును, కాని మానదు. మానినచో ఆ ఇంటికి మందులు రావని ఎరుగును. వ్యాపారి డబ్బు బిగబట్టినప్పుడు తన చిట్టీ ఎత్తి ఆడవారికి కూలి చెల్లించును. సరఫరా, నాణ్యము, ఋణము, మానవసంబంధములు అని నాలుగు అధ్యాయములుగా అచ్చువేసి అమ్మదగిన విద్య ఆ నోటుబుక్కులో నున్నది. ఆమెను ఏ శిబిరమువారును ఉపన్యాసమునకు పిలువలేదు. పిలువరు. ఆమె పేరు వెనుక అక్షరములు లేవు.

నిర్వహణశాస్త్రము నెరుగక నేనిట్లు వదరుచున్నానని ఎవరైన అందురేమో. ఆ శాస్త్రపు గ్రంథములలోని ఒక ప్రసిద్ధాధ్యాయము మా గుజరాతులోని నేతశాలనుండియే పుట్టినది. లండనులోని టావిస్టాక్ సంస్థకు చెందిన ఏ. కె. రైస్ అను పండితుడు అహమ్మదాబాదులోని కాలికో మిల్లులకు వచ్చి చూచునప్పటికి, క్రొత్తగా దింపిన స్వయంచాలక మగ్గములు ఆశించినంత గుడ్డ నిచ్చుట లేదు. చెడిన గుడ్డ ఎక్కువగా నుండెను. నేయువాడొకడు, కండెలు నింపువాడొకడు, నూనె వేయువాడొకడు, ఊడ్చువాడొకడు అని పనిని ముక్కలుచేసి పంచినందున మొత్తము మగ్గమునకు పూచీపడువాడు లేకపోయెను. 1953లో ఆయన, కొన్ని మగ్గములకు కొందరు కలిసి బాధ్యత వహించు చిన్న బృందముల ఊహను చర్చకు పెట్టగా, నేతగాండ్రు ఆ ఊహ నందుకొని, బృందములను తామే కూర్చుకొనిరి. ఎవరు ఎవరితో పొసగి పనిచేయగలరో వారికి తెలియును గదా. ఉత్పత్తి పెరిగెను, చెడుగుడ్డ తగ్గెను. 1958లో రైస్ దీనినంతయు గ్రంథముగా వెలువరించెను. బృందమునకు తన పనిని తానే నడుపుకొను స్వేచ్ఛ యుండవలెనని దేశదేశముల ఆచార్యులు నేటికిని చెప్పు పాఠమునకు అది యొక మూలము. అనగా, నేతగాండ్రు నేర్పిన పాఠమును గొట్టముల గోపురముగా మార్చి, నేతగాని కొడుకునకే ఫీజు పుచ్చుకొని అమ్ముచున్నారన్నమాట! ఇంతకంటె లాభసాటి వర్తకము రింగురోడ్డుపైకూడ లేదు.

సూరతులోనే జరిగిన వేరొక సంగతి చెప్పెదను. 1994 సెప్టెంబరులో ప్లేగు అను పేరు వినబడగానే లక్షలాది జనము దొరకిన రైలెక్కి ఈ యూరు విడిచి పారిపోయిరి. మరుసటి యేడు మే నెలలో మన సూర్యదేవర రామచంద్రరావు గారు నగరపాలక కమిషనరుగా వచ్చిరి. ఆయన చేసిన మొదటి పని, అధికారులను గదులనుండి వెలికిలాగుట. దినమునందు మొదటి సగము వీధులలోను, మురుగుకాలువల వద్దను గడపి, ఆ పిదపనే బల్లవద్దకు రావలెనని కట్టడి చేసిరి. దానికి "ఏసీ నుంచి డీసీ" అని పేరు. చల్లగదిని విడిచి దినదినపు పనులలోనికి దిగుట యని భావము. అధికారమును మండలాధికారులకు పంచియిచ్చిరి. పలుకుబడి గలవారి అక్రమకట్టడములను సైతము కూల్చిరి. 1996లో ఇన్‌టాక్ సంస్థ సూరతును చండీగఢ్ తరువాత దేశమున రెండవ పరిశుభ్రనగరముగా పేర్కొనెను. చూడుడు దైవలీల! చల్లగది విడువుమని చెప్పిన ఆ మనిషి కథ ఇప్పుడు నిర్వహణవిద్యాలయముల చల్లగదులలో పాఠ్యాంశము. పిల్లలు దానిని తెరపై చూచి, చర్చించి, మార్కులు తెచ్చుకొందురు, ఒక్కడైనను లేచి, "అయ్యా, ఆ కాలువ ఎచ్చట? పోయి చూచివత్తము" అనడు. గట్టున కూర్చుండి ఈత నేర్పుటయన నిదియే.

శిబిరమున ఇంగ్లీషు వచ్చునందురు. ఇంగ్లీషునకు ఇంగ్లీషు పాఠమే చాలును. పరిచయము లేర్పడునందురు, అద్దెకోట్లవారికి అద్దెకోట్లవారితోనే పరిచయము. ఉద్యోగము వచ్చునందురు; వచ్చినవారిని చూపుడు, మాటాడుదము.

వేసవియే నాయకులను తయారుచేయు ఋతువైనచో, దానికి మనకు చరిత్ర లేదా? గోడాదరా దాటి కడోదరా మీదుగా పోయినచో బార్డోలీ ఎంత దూరము! 1928 ఫిబ్రవరిలో, పెంచిన భూమిశిస్తును కట్టబోమని ఆ తాలూకా రైతులు ప్రతిన పూనగా, వల్లభభాయి పటేలు తాలూకాను శిబిరములుగా విభజించి, ఒక్కొక్క శిబిరమునకు బాధ్యుని నియమించి, ప్రతిదినము పత్రిక అచ్చువేసి పల్లెపల్లెకు పంపి, జప్తులు, బెదరింపులు, మండుటెండలు అన్నిటిని దాటించి ఆగస్టునాటికి సర్కారును దింపెను. నూటికి ఇరువదిరెండు చొప్పున పెంచిన శిస్తు విచారణ పిమ్మట ఆరింటి సమీపమునకు దిగెను. ఆ వేసవిలో పనిచేసిన స్వచ్ఛందసేవకులకు సర్టిఫికెట్టు లియ్యలేదు, జైళ్ళు చూపిరి. మన ఆంధ్రదేశమున 1937 వేసవిలో కొత్తపట్నమునందు ఆర్థిక రాజకీయ పాఠశాల పెట్టి యువకులను కూర్చగా, ప్రభుత్వము దానిని నిషేధించి లాఠీలతో చెదరగొట్టించెను. ఆ పాఠశాలవారి సిద్ధాంతములతో నాకు పొత్తు కుదరదు; అది వేరు మాట. కాని ఒక వేసవిపాఠశాలను చూచి ప్రభుత్వము భయపడిన దినములవి. నేటి శిబిరమును చూచి భయపడువాడు ఫీజు కట్టవలసిన తండ్రి యొక్కడే.

అయినచో నీవేమి చేయుమందువని అడుగుదురు. వివరముగా పథకము వ్రాయుట నా పని కాదు, త్రోవ చూపుదును. అహమ్మదాబాదులోని ఐఐఎంకు తొలి పూర్తికాల డైరెక్టరైన రవి మత్తాయి, ఆ పదవిని తానై విడిచి, 1975లో రాజస్థానమునందలి జవాజా పల్లెలకు పోయి, అచ్చటి నేతగాండ్రతోను, తోలుపనివారితోను కూర్చుండి, వారి సరకును వారే అమ్ముకొను సంఘములు నిలుపుటకు పాటుపడెను. డైరెక్టరంతటివానికి తగిన పని బి.కాం. విద్యార్థికి తగదా? ఆంధ్రప్రదేశమున డిగ్రీ విద్యార్థి తొలి వేసవిలో సమీపగ్రామమునకు పోయి ఇంటింటి స్థితిగతులు విచారింపవలెనను నియమమొకటి తెచ్చిరి. ఆ తలపు మంచిది, ఆచరణము సంగతి ఆ మాస్టరులే చెప్పవలెను.

మా పేటమట్టుకు నా కోరిక స్వల్పము. శిబిరమును కార్ఖానాలో పెట్టుడు. పిల్లలు ఒక వారము పగటిపాళీ, ఒక వారము రాత్రిపాళీ సాంచల నడుమ నిలుతురు గాక. మీటరునకు దర ఎవడు నిర్ణయించుచున్నాడో, కరెంటు పోయిన గంటలకు కూలి ఎవడు పోగొట్టుకొనుచున్నాడో, రేపియరు, వాటర్‌జెట్టు మగ్గములు దిగిన కార్ఖానాలో పాతసాంచవాడు ఎచ్చటికి పోవుచున్నాడో విచారించి వ్రాయుదురు గాక. నోటుబుక్కు ఆమె ఒక పూట పాఠము చెప్పును. దసరా సెలవుల చిక్కును ఆ తండ్రి విప్పి చూపును. అధ్యాపకులు కూడ వచ్చి వెనుకబల్లపై కూర్చుండవచ్చును, కోటు అక్కరలేదు. ఇందుకు ఒప్పుకొను విశ్వవిద్యాలయ మున్నచో, గోడాదరానుండి కావలసినంతమంది పిల్లలను నేనే కూడగట్టి పంపెదను. ఫీజు మాత్రము ఈసారి విశ్వవిద్యాలయమే చెల్లింపవలెను. ఏలన పాఠము చెప్పువారు మావారు.