అంతా ఆటోపైలట్టే కదా!

2025 డిసెంబరు మొదటి వారంలో మన దేశంలో విమానాలు ఆగిపోయాయి. తుఫాను లేదు, యుద్ధం లేదు, ఎక్కడా సర్వర్లు పడిపోలేదు. పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచుతూ, రాత్రిపూట చేయించే ల్యాండింగులను ఆరు నుంచి రెండుకి తగ్గిస్తూ కొత్త నిబంధనలు అమల్లోకొచ్చాయి. వాటికి సరిపడా మనుషుల్ని ఇండిగో సిద్ధం చేసుకోలేదు. డిసెంబరు 5 ఒక్కరోజే వెయ్యికి పైగా ఫ్లైట్లు రద్దయ్యాయి. జనం ఎయిర్‌పోర్టుల్లో నేలమీద పడుకున్నారు. చివరికి ప్రభుత్వం చేసిందేంటంటే, రాత్రి డ్యూటీ నిబంధనల్నే ఆ కంపెనీకి కొన్నాళ్లపాటు సడలించింది.

మరి ‘అంతా ఆటోపైలట్టే కదా, పైలట్ ఊరికే కూర్చుంటాడు’ అని మనం ధీమాగా చెప్పుకునే మాట సంగతేంటి? ఆటోపైలట్‌కి నిద్ర అక్కర్లేదు. వారాంతం అక్కర్లేదు. విమానం దానంతటదే ఎగిరేదైతే, కొన్ని వేలమంది మనుషులకి ఇంకాస్త నిద్ర ఇవ్వగానే దేశం ఎందుకు స్తంభించింది?

ఆ మాట వట్టి అజ్ఞానమైతే నవ్వుకుని వదిలెయ్యొచ్చు. కానీ దానివల్ల లాభపడేవాళ్లున్నారు. కాక్‌పిట్ గురించి మనకి మూడే కథలు చెప్తారు. ఒకటి, యంత్రమే అంతా చేస్తుంది. రెండు, ఒక వీరుడు అందర్నీ కాపాడాడు. మూడు, ఒక చేతకానివాడు అందర్నీ ముంచాడు. ఈ మూడింట్లోనూ లేనిది ఒక్కటే, పని. కనబడని పనికి విశ్రాంతి కొయ్యడం తేలిక, శిక్షణ కొయ్యడం తేలిక, చివరికి ఆ మనిషినే తీసెయ్యడం తేలిక.

ముందు మొదటి కథ. 1980లో వచ్చిన ‘ఎయిర్‌ప్లేన్!’ అనే హాలీవుడ్ కామెడీలో ఆటోపైలట్ అంటే సీట్లో కూర్చున్న ఒక గాలిబొమ్మ. నవ్వించడానికి పెట్టిన ఆ బొమ్మనే మనం ఇప్పటికీ నిజమనుకుంటున్నాం. వాస్తవం ఇది: ప్రయాణికుల విమానాల్లో టేకాఫ్ చేత్తోనే చేస్తారు. ఎయిర్‌బస్ 2019లో టూలూజ్‌లో ఆటోమేటిక్ టేకాఫ్ చేసి చూపించింది, కానీ అది ప్రయోగం. ఆటోమేటిక్ ల్యాండింగ్ మాత్రం దశాబ్దాలుగా ఉంది, ఢిల్లీ పొగమంచులో వాడతారు కూడా. దానికి రన్‌వే దగ్గర తగిన పరికరాలుండాలి, విమానానికి అనుమతి ఉండాలి, పైలట్లిద్దరికీ ప్రత్యేక శిక్షణ ఉండాలి, గాలి పరిమితి దాటకూడదు. మామూలు రోజుల్లో ఎక్కువ ల్యాండింగులు చేత్తోనే జరుగుతాయి.

మధ్యలో గంటలతరబడి ఆటోపైలట్ నడిపే మాట నిజమే. అయితే ఏ ఎత్తు, ఏ దిక్కు, ఎంత వేగం అన్నది చెప్పేది మనిషి. చెప్పింది చెప్పినట్టు తీసుకుందా, ఇప్పుడు ఏ మోడ్‌లో ఉంది అన్నది తెరమీద చూసి, ఇద్దరూ పైకి అనుకుని సరిచూసుకుంటారు. ముందున్న మేఘాన్ని ఎటునుంచి తప్పించాలి, హైదరాబాద్‌లో వాన తగ్గకపోతే విజయవాడ పోవాలా బెంగళూరు పోవాలా, ఇంకో పదినిమిషాలు గాల్లో తిరిగితే ఇంధనం ఎంత మిగులుతుంది? ఇవేవీ ఆటోపైలట్ తేల్చే ప్రశ్నలు కావు. మా భాషలో చెప్పాలంటే అది చక్కగా రాసిన స్క్రిప్టు. ఇచ్చిన ఇన్‌పుట్‌కి ఇవ్వాల్సిన అవుట్‌పుట్ ఇస్తుంది. ఇన్‌పుట్ తప్పని దానికి అనుమానం రాదు.

ఇక వీరుడి కథ. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో టేకాఫ్ అయిన ఒక ఎ320కి బాతులగుంపు తగిలి రెండు ఇంజన్లూ పోయాయి. మూడున్నర నిమిషాల్లో విమానం హడ్సన్ నది మీద దిగింది. 155 మందీ బతికారు. దీనిమీద క్లింట్ ఈస్ట్‌వుడ్ తీసిన ‘సల్లీ’ (2016) చూశారు కదా. అందులో దర్యాప్తు అధికారులు కెప్టెన్‌ని ఇరికించడానికే పుట్టినట్టుంటారు. వెనక్కి తిరగాలన్న నిర్ణయం తీసుకోడానికి మనిషికి 35 సెకన్లు పడుతుందని సిమ్యులేటర్‌లో కలిపి చూస్తే విమానం రన్‌వే చేరదన్న సంగతి, సినిమాలో కెప్టెన్ వాళ్ల నోరు మూయించి నిరూపించుకున్నట్టు ఉంటుంది. నిజానికి ఆ పరీక్ష దర్యాప్తులో భాగమే, ఆయన నిర్ణయం సరైనదని రాసిందీ దర్యాప్తు నివేదికే.

సినిమాలో పక్కకి జరిగినవి ఇంకా ఉన్నాయి. ఆరోజు టేకాఫ్ చేస్తున్నది కో-పైలట్ జెఫ్ స్కైల్స్. కెప్టెన్ విమానం చేతిలోకి తీసుకోగానే ఆయన చెక్‌లిస్టు అందుకున్నాడు. రెండు ఇంజన్లూ పోతే చెయ్యాల్సిన పనుల జాబితా అది, కానీ చాలా ఎత్తులో ఉన్నప్పుడు పోతే పనికొచ్చేలా రాసినది. దాన్ని పూర్తిచేసే సమయమే లేదు. ఇంకోపక్క, కెప్టెన్ కర్ర ఎంత వెనక్కి లాగినా విమానం స్టాల్ అవకుండా, అంటే రెక్కలు గాలిని పట్టు కోల్పోకుండా, ఎయిర్‌బస్ సాఫ్ట్‌వేర్ ఆపింది. ఇద్దరు మనుషులు, ఒక యంత్రం, అసంపూర్ణమైన ఒక కాగితం కలిసి చేసిన పని అది. సల్లెన్‌బర్గర్ కూడా ఎప్పుడూ తన సిబ్బంది పేరు ముందుపెట్టే మాట్లాడాడు. వినిపించుకోనిది మనమే.

మన బాలీవుడ్ ఇంకో అడుగు ముందుకేసింది. 2015 ఆగస్టులో దోహా నుంచి కొచ్చి వచ్చిన జెట్ ఎయిర్‌వేస్ విమానం ఒకటి, వాతావరణం బాగోక కొచ్చిలో పలుమార్లు ప్రయత్నించి, తిరువనంతపురం మళ్లి, ఇంధనం అడుగంటుతుండగా దిగింది. విమానయానంలో ఇది భయపడాల్సిన సంఘటన. ఎప్పుడు మళ్లాల్సింది, ఎందుకు ఆలస్యమైంది అని అడగాల్సిన సంఘటన. ‘రన్‌వే 34’ (2022) దాన్నుంచి ప్రేరణ తీసుకుని, ఫొటోగ్రాఫిక్ జ్ఞాపకశక్తి ఉన్న అజయ్ దేవగన్‌ని మనకిచ్చింది. మంచి పైలట్ అంటే సినిమా తియ్యడానికి పనికిరాని పైలట్. పావుగంట ముందే పక్క ఊరికి మళ్లి, ప్రయాణికుల చేత తిట్లు తిని, ఇంటికెళ్లి పడుకునేవాడు. ఆ మనిషి మీద మనకి ఒక్క కథ కూడా లేదు.

మూడో కథ, చేతకానివాడిది. ఎయిర్‌ఫ్రాన్స్ 447, 2009 జూన్ 1, రియో నుంచి పారిస్‌కి. అట్లాంటిక్ మీద అర్ధరాత్రి, వేగం కొలిచే గొట్టాల్లో మంచు పేరుకుంది. ఆటోపైలట్ చేతులెత్తేసి విమానాన్ని మనుషులకి అప్పజెప్పింది. పైలట్ ముక్కు పైకెత్తాడు, విమానం స్టాల్ అయింది, నాలుగున్నర నిమిషాల లోపే 228 మందితో సముద్రంలో పడింది. పైలట్ తప్పు ఉందా? ఉంది. కానీ 2012 నాటి ఫ్రెంచ్ దర్యాప్తు నివేదికలో ఉన్న ఒక్క వివరం చూడండి. వేగం రీడింగ్ మరీ పడిపోతే సాఫ్ట్‌వేర్ గాలికి విమానం ఉన్న కోణం రీడింగ్‌ని చెల్లదని పక్కనపెట్టేది, దాంతో స్టాల్ హెచ్చరిక ఆగిపోయేది. ముక్కు కిందకి దించితే, అంటే సరైన పని చేస్తే, హెచ్చరిక మళ్లీ మోగేది. తప్పు చేస్తే నిశ్శబ్దం, ఒప్పు చేస్తే అరుపు. చీకట్లో, అంత గందరగోళంలో ఉన్న మనిషికి ఆ యంత్రం చెప్పిన పాఠం అది.

లిజాన్ బేన్‌బ్రిడ్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1983లోనే ‘ఐరనీస్ ఆఫ్ ఆటోమేషన్’ అని చిన్న వ్యాసం రాసింది. సారాంశం ఇది: తేలికైన పనంతా యంత్రానికిచ్చేసి, డిజైనర్‌కి చేతకాని కష్టమైన ముక్కని మనిషికి వదిలేస్తాం. రోజూ చెయ్యనివ్వం కాబట్టి ఆ మనిషి నైపుణ్యం తుప్పుపడుతుంది. సరిగ్గా తుప్పుపట్టాక, అతి కష్టమైన క్షణంలో, ‘ఇదుగో నువ్వే చెయ్యి’ అంటాం. అర్ధరాత్రి ఆన్‌కాల్ అలర్ట్‌కి లేచి, నెలల తరబడి తాకని సిస్టమ్ ముందు కూర్చున్న ఇంజనీర్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. మనకైతే పోయేది ఒక సర్వర్.

ఈ మొదటి కథా మూడో కథా పైకి వేరువేరుగా కనబడతాయి గానీ, చెప్పేవాళ్లు ఒక్కరే అని బోయింగ్ 737 మ్యాక్స్ చూపించింది. అమ్మేటప్పుడు, పాత 737 నడిపినవాళ్లకి కొత్తగా సిమ్యులేటర్ శిక్షణే అక్కర్లేదన్నారు. ముక్కుని దానంతటదే కిందకి తోసే ఎంక్యాస్ అనే సాఫ్ట్‌వేర్‌ని ఒకే ఒక్క సెన్సార్ మాట నమ్మేలా రాశారు. దాని సంగతి పైలట్ల మాన్యువల్‌లో పెట్టలేదు. 2018 అక్టోబరులో ఇండోనేషియాలో, 2019 మార్చిలో ఇథియోపియాలో రెండు విమానాలు కూలి 346 మంది చనిపోయాక, అమెరికన్ కాంగ్రెస్‌లోనే వినబడిన మాట: మా దేశంలో శిక్షణ పొందిన పైలట్లయితే కాపాడేవాళ్లు! ఇథియోపియా పైలట్లు బోయింగ్ చెప్పిన స్విచ్‌లు ఆపారు కూడా. ఆ వేగంలో చేతిచక్రం తిరగలేదు. శిక్షణ అక్కర్లేదని అమ్మినవాళ్ల సరుకు కూలితే, శిక్షణ చాలని మనుషులది తప్పా?

మాడలిన్ ఎలిష్ అనే పరిశోధకురాలు దీన్ని కారు ముందుభాగంతో పోల్చింది. గుద్దుకున్నప్పుడు అది నలిగి, లోపలున్నవాళ్లని కాపాడుతుంది. ఇక్కడ నలిగేది మనిషి పేరు, చెక్కుచెదరకుండా బయటపడేది వ్యవస్థ. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిరిండియా విమానం కూలి 260 మంది పోయారు. నెల తర్వాత వచ్చిన ప్రాథమిక నివేదికలో, ఇంధన స్విచ్‌లు ఆగిన స్థానానికి మారాయనీ, ఎందుకు ఆపావని ఒక పైలట్ అడిగితే రెండోవారు తాను ఆపలేదన్నారనీ ఉంది. ఎవరు అడిగారో, ఎవరు బదులిచ్చారో లేదు. కారణం తేల్చలేదు. టీవీ స్టూడియోల్లో మాత్రం చనిపోయిన మనిషి మనసులో ఏముందో కూడా చదివేశారు. జవాబు చెప్పుకోడానికి ఆ ఇద్దరూ లేరు.

ఆటోమేషన్ వల్లే విమానప్రయాణం ఇంత క్షేమమైంది కదా అంటారు. అవును, దానివల్ల కూడా అయింది. కొండని ముందే చూసి హెచ్చరించే పరికరాలు, ఎదురుగా వచ్చే విమానాన్ని తప్పించే పరికరాలు ఎంతోమందిని కాపాడాయి. నేను బతికేది ఆటోమేషన్ రాసి, దాన్ని తిట్టడం నా పని కాదు. కానీ ఆ క్షేమం ఇద్దరు మనుషులు ఒకర్నొకరు, ఇద్దరూ కలిసి యంత్రాన్ని కనిపెట్టుకోడం మీద కట్టింది. అందులోంచి ఒక ఇటుక తీస్తామనేవాళ్లున్నారు. ర్యాన్‌ఎయిర్ అధిపతి మైకేల్ ఓలేరీ 2010లోనే కో-పైలట్ దండగన్నట్టు మాట్లాడాడు. విమానం ఎత్తులో ఉన్నప్పుడు కాక్‌పిట్‌లో ఒక్కరే ఉంటే చాలదా అన్న ప్రతిపాదనని యూరప్ భద్రతా సంస్థ ఏళ్లపాటు అధ్యయనం చేయించింది. ఇప్పుడున్న కాక్‌పిట్‌లతో ఇద్దరున్నంత భద్రత ఉంటుందని చూపించలేమని 2025లో తేలింది. ఇప్పటికి ఆగింది. ‘అంతా ఆటోపైలట్టే కదా’ అని మనం నవ్వుతూ అన్న ప్రతిసారీ ఆ ప్రతిపాదనకి ఊరికే ప్రచారం చేసిపెడుతున్నాం.

సాహిత్యం చదివేవాళ్లకి ఇదంతా ఎందుకంటే, పనిని చూడ్డం నేర్పాల్సింది సాహిత్యమే. రైతు పనినీ, నేత పనినీ, బొగ్గుగని పనినీ మన కథలు చేతుల కదలికలతో సహా చూపించాయి. కూర్చుని కనిపెట్టి ఉండే పని వచ్చేసరికి మన కథకుల కళ్లు మసకబారుతున్నాయి. చేతులు కదలకపోతే పని లేనట్టే లెక్క. నర్సు మానిటర్ చూస్తూ మేలుకోడం పని. రైలు కంట్రోల్ రూములో ఏమీ జరగని ఎనిమిది గంటలు పని. ఏమీ జరగకపోడమే ఆ పని ఫలితం. ఇప్పుడు మా ఆఫీసుల్లోనూ అదే పాట మొదలైంది: కోడంతా ఏఐ రాస్తోంది, మీరు ఊరికే చూస్తున్నారు. పైలట్ గురించి ఆ మాట ఇన్నేళ్లు మనమే అన్నాం, మన వంతు వచ్చింది.

డిసెంబరులో కంపెనీ కోసం సడలించింది రాత్రి నిద్రకి సంబంధించిన నిబంధనని. విమానం దానంతటదే ఎగురుతుందన్న నమ్మకం అంత గట్టిగా లేకపోతే, మనం గొడవచేసేది ఫ్లైట్లు ఆగినందుకా, అలసిపోయిన మనిషి చేతికి మళ్లీ విమానం ఇచ్చినందుకా?