డాబా మీద ఎండ ఎవరిది?

కరెంటు పొదుపు అనగానే ప్రతి ఇంట్లోనూ వేలు ముందు మనవైపే తిరుగుతుంది. ‘‘ఆ గదిలో ఫ్యాను ఎవరు ఆపలేదు? ఫ్రిజ్ తలుపు అన్నిసార్లు తీస్తావెందుకు? గ్రైండరు ఇంతసేపా?’’ బిల్లు వచ్చిన రోజున ఇంటాయన మొహం చూస్తే కరెంటంతా మనమే గ్లాసులో పోసుకుని తాగేసినట్టుంటుంది. సరే, ఈ మాటలు మనకు అలవాటే. ఇప్పుడు కొత్తగా ఇంకోటి వచ్చింది. పొదుపు చేయాల్సింది మనమట, సోలారు పెట్టాలో వద్దో, ఎక్కడ పెట్టాలో తేల్చేది మాత్రం మగవాళ్ళట!

2024 ఫిబ్రవరిలో కేంద్రం పీఎం సూర్యఘర్ పథకం మొదలుపెట్టాక మా తెనాలిలోనూ డాబాల మీద నల్లటి పలకలు కనబడుతున్నాయి. ఒక కిలోవాటుకు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు ఆపైన ఎంత పెట్టుకున్నా 78 వేలు సబ్సిడీ. ఒక కిలోవాటు పలకలు సగటున రోజుకు నాలుగు యూనిట్ల దాకా ఇస్తాయి. అంటే మూడు కిలోవాట్లకు నెలకు దాదాపు 350 యూనిట్లు. ఒక ఏసీ ఉన్న మధ్యతరగతి ఇల్లు హాయిగా గడిచిపోతుంది. నేను సోలారుకు ఎదురు చెప్పేదాన్ని కాదు. బొగ్గు కాల్చి తీసే కరెంటుతో బూడిద ఎవరి ఊళ్ళ మీద పడుతుందో మనకు తెలియనిది కాదు. స్తోమత ఉన్నవాళ్ళు తప్పకుండా పెట్టించుకోవాలనే నా మాట.

నా పేచీ అంతా ఆ డాబా గురించే. అసలు డాబా ఎవరిది? దస్తావేజు ఎవరి పేరునన్నా ఉండనీండి, దాన్ని వాడేది మనం. వేసవి వస్తే వడియాలు, అప్పడాలు, ఊరమిరపకాయలు, మాగాయ ముక్కలు, ఏడాదికి సరిపడా కారానికి మిరపకాయలు. సంవత్సరం పొడుగునా బట్టలు. సాయంత్రం పక్కింటి వదినగారితో పిట్టగోడ మీదుగా నాలుగు కబుర్లు. ఈ దేశంలో సౌరశక్తిని అందరికన్నా ముందు, పైసా సబ్సిడీ అడక్కుండా వాడుకున్నది ఆడవాళ్ళే. ఎవరూ యూనిట్లలో లెక్కకట్టలేదంతే!

మూడు కిలోవాట్లకు నీడ పడని చోటు 300 చదరపు అడుగుల దాకా కావాలి. రెండు గదులంత అన్నమాట. నీడ పడని చోటంటే ఏది? మనం వడియాలు పెట్టుకునే చోటే కదా! మా వీధిలో ఒక పిన్నిగారింట్లో ఇదే జరిగింది. కొలతలు తీసుకునే కుర్రాడూ, బాబాయిగారూ, వాళ్ళబ్బాయీ పైకెళ్ళి అరగంటలో అంతా తేల్చేసి కిందికి దిగారు. వాళ్ళకు కాఫీలిచ్చింది మాత్రం పిన్నిగారే. పలకలు మోకాలెత్తున బిగించారు. ఆవిడ బట్టల తీగ ఊడిపోయింది. కింద చెత్త ఊడవాలంటే వంగి దూరాలి, ఆవిడకేమో మోకాళ్ళ నొప్పులు. పలకల మీద దుమ్ము పేరుకుంటే కరెంటు తగ్గుతుంది కనుక తరచూ కడగాలి కూడాను. కడిగేదెవరో వేరే చెప్పాలా?

ఆవిణ్ణి ఒక్క మాట అడిగి ఉంటే ‘‘ఏడెనిమిది అడుగుల స్తంభాల మీద బిగించండి నాయనా’’ అని ఉండేది. ఖర్చు కొంత పెరుగుతుంది, నిజమే. కానీ కింద మనిషి తిరగొచ్చు, బట్టలు ఆరేసుకోవచ్చు, పై కప్పుకు నీడ కాబట్టి మేడగది చల్లబడుతుంది. కడగడానికి మెట్లో నిచ్చెనో కావాలన్నదీ ముందే తోచేది. కాకపోతే ఎత్తయిన వాటికి గాలివానలో ఊపెక్కువ. ఆ బిగింపు గట్టిదా కాదా అని ఇంటాయన చేత అడిగించండి, ఆయనకూ ఓ పనుంటుంది.

అడక్కుండా చేసిన మేలు ఏమవుతుందో మనవాళ్ళు ఒకసారి చూశారు. 1980లలో ప్రభుత్వం ఊరూరా పొగలేని పొయ్యిలు పెట్టించింది. ఉద్దేశం బంగారం లాంటిది. మా అమ్మమ్మ ఇంట్లోనూ పెట్టారు. నాకు ఊహ తెలిసేసరికి దాని గొట్టం మసితో పూడుకుపోయి, పొయ్యి మీద ఉప్పు జాడీ ఉండేది. పక్కనే అమ్మమ్మ తన పొయ్యి తను వేసుకుంది. ‘‘దాని కంతలో నా అన్నం గిన్నె కూచోదే’’ అనేది. గిన్నె కొలత అడగాలని ఎవరికీ తోచలేదు మరి!

రాజస్థాన్‌లోని తిలోనియా అనే పల్లెటూళ్ళో బేర్‌ఫుట్ కాలేజీ ఉంది. చదువురాని అమ్మమ్మలకు ఆరు నెలల్లో సోలారు దీపాలు బిగించడం, బాగుచేయడం నేర్పిస్తుందది. ఆఫ్రికా దేశాల నుంచి కూడా వచ్చి, భాష తెలియకపోయినా తీగల రంగులు చూసి నేర్చుకుని వెళ్ళారు. అలాంటిది డిగ్రీలు చదివిన మనం ‘‘అవన్నీ మావారికే తెలుసండీ’’ అనడం ఏం బావుంది?

తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి మరి. చాలామంది ఇళ్ళలో ‘‘సోలారు ఉంటే కరెంటు పోయినా ఫ్యాను తిరుగుతుంది’’ అనుకుంటారు. తిరగదు. బ్యాటరీ లేకుండా లైనుకు కలిపే పద్ధతిలో వీధిలో కరెంటు పోతే మన సోలారు కూడా ఆగిపోతుంది. స్తంభమెక్కి పనిచేసే లైన్‌మన్‌కు మన కరెంటు తగలకుండా అదే ఆపేసుకుంటుంది. అది దాని గుణం, లోపం కాదు. కానీ ఈ ముక్క ముందే చెప్పే అమ్మకందారు అరుదు. ఇంకోటి, మీటరు ఎవరి పేరున ఉందో చూసుకోండి. ఏనాడో పోయిన మామగారి పేరే ఇంకా బిల్లు మీద వస్తుంటే ముందు ఆ పేరు మార్పించుకోవాలి.

అన్నిటికన్నా ముందు ఫ్యాన్లు చూడండి. 2014లో మా గుంటూరు జిల్లాలో పాత బల్బు ఇస్తే పది రూపాయలకు ఎల్ఈడీ బల్బు ఇచ్చారు గుర్తుందా? లైన్లో నిలబడి తెచ్చుకున్నాం. బల్బులు మారాయి గానీ ఫ్యాన్లు మారలేదు. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు లాగుతుంది, ఇప్పుడొస్తున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లు. రోజుకు 16 గంటలు తిరిగితే ఆ పాతదానికి నెలకు 36 యూనిట్లు, కొత్తదానికి 14. ఆంధ్రాలో 2022 నాటి రేట్ల ప్రకారం మొదటి 30 యూనిట్లు 1 రూపాయి 90 పైసల చొప్పున, 225 దాటితే 8 రూపాయల 75 పైసలు. మనం తగ్గించే యూనిట్లు ఆ పై మెట్టువి. ఫ్రిజ్ తలుపు ఎన్నిసార్లు తీశామో లెక్కపెట్టే పెద్దమనిషికి ఈ లెక్క చూపించండి.

ఇక డాబాయే లేనివాళ్ళ సంగతి. అపార్ట్‌మెంట్ల వాళ్ళకు మెట్ల దీపాలకూ నీళ్ళ మోటారుకూ ఉమ్మడిగా పెట్టుకుంటే కిలోవాటుకు 18 వేలు ఇస్తారు, సంఘం మీటింగుకి మనమే వెళ్ళి అడగొచ్చు. అద్దె ఇళ్ళ వాళ్ళకే మరీ కష్టం. మా వెనక వీధిలో ఒకమ్మాయి కింది వాటాలో ఉంటుంది. ఇంటివాళ్ళు పైన సోలారు పెట్టించారు. వాళ్ళ బిల్లు దాదాపు లేకుండా పోయింది. ఆ పిల్లకు మాత్రం సబ్‌మీటరు చూసి యూనిటుకు పది రూపాయలే ఇంకా. పైగా బట్టలు ఆరేసుకోవడానికి పైకి రావద్దన్నారు, పలకలు పాడవుతాయట! రెండు నెలల నుంచీ పసిపిల్లాడి బట్టలు వరండాలో ఫ్యాను కింద ఆరబెడుతోంది. ఆ ఫ్యాను యూనిట్లూ ఆమె ఖాతాలోనే. ఆ ఇంటావిడ కూడా ఈ పేజీ చదువుతుందని విన్నాను. ఏమండీ, ఒక తీగ కట్టుకునేంత చోటివ్వలేరా? ఆ పది రూపాయల్ని అయిదు చేయలేరా?