ఆకాశం లేని ఖగోళ పాఠం

మన బడులలో ఖగోళశాస్త్రం చెప్పడం లేదని నేననను. చెబుతూనే ఉన్నారు. గ్రహాలు ఎనిమిదని చెబుతున్నారు (2006లో ప్లూటోకు ఆ హోదా ఊడిన వైనంతో సహా). భూమి అక్షం ఇరవై మూడున్నర డిగ్రీలు ఒరిగి ఉందని చెబుతున్నారు. కాంతి సంవత్సరానికి నిర్వచనం వల్లె వేయిస్తున్నారు. నా ఫిర్యాదు వేరు. ఈ పాఠమంతా నల్లబల్ల మీద మొదలై నోటుపుస్తకంలో ముగుస్తుంది. బడి కప్పు మీద రోజూ ఉచితంగా పరచి ఉన్న ఆకాశం వైపు ఒక్క పిల్లవాడి తలనైనా తిప్పకుండానే అధ్యాయం పూర్తవుతుంది.

ఇది కొరత మాత్రమే అయితే ఇంత ఆవేశపడనక్కరలేదు. ఇది హాని కూడా చేస్తోందని నా వాదన.

మా బంధువుల అబ్బాయి ఒకడు తొమ్మిదో తరగతి. చంద్రకళల ప్రశ్నకు పూర్తి మార్కులు తెచ్చుకున్నవాడు. "ఇవాళ శుద్ధ చవితి కదా, పొద్దు గుంకగానే చంద్రుడు ఏ దిక్కున కనబడతాడురా?" అని అడిగాను. తూర్పున, అన్నాడు, చంద్రుడు తూర్పునే కదా ఉదయించేది! మరి ఆ నెలవంక అంత సన్నగా ఎందుకుంటుంది? "భూమి నీడ పడుతుంది కదండీ మామయ్యా" అన్నాడు. పక్కనే ఉన్న వాళ్ల నాన్నగారు, ఇంజనీరు, అవునన్నట్టు తల ఊపారు. ఇద్దరిలో ఎవరినీ నేను తప్పుపట్టను. డాబా మీదికి తీసుకెళ్లి పడమట చూపించాను, అంతే.

చవితినాటి చంద్రుడు ఉదయించేది తూర్పునే, కాని అది పగటిపూట, ఎవరూ గమనించని వేళ. సూర్యుడు అస్తమించేసరికి అతడు పడమటి ఆకాశంలోకి దిగివచ్చి ఉంటాడు, మరి రెండు గంటలు దాటాక తానూ అస్తమిస్తాడు. అప్పుడు చూడండి: వెలుగుతున్న అంచు సరిగ్గా సూర్యుడు దిగిన వైపుకే తిరిగి ఉంటుంది. సూర్యుడు పడమట ఉంటే భూమి నీడ ఎటు పడాలి? తూర్పుకు. చంద్రుడేమో పడమట ఉన్నాడు. ఇక నీడ ప్రసక్తి ఏది? ఈ ఒక్క చూపు చాలు, ఆ భ్రమ జన్మలో మళ్లీ రాదు. వరుసగా పది సాయంత్రాలు అదే వేళకు చూస్తే, చంద్రుడు రోజురోజుకూ తూర్పుకు జరుగుతూ, సూర్యుడికి దూరమయ్యేకొద్దీ నిండుతూ, పున్నమినాటికి సరిగ్గా ఎదురుగా నిలవబోతున్నాడని ఎవరూ చెప్పనక్కరలేకుండా తెలిసిపోతుంది.

విచిత్రమేమిటంటే, తెలుగునాట పిల్లలందరికీ చంద్రుడు ఒకేసారి గుర్తొచ్చే సాయంత్రం ఏటా ఒకటి ఉంది. వినాయక చవితి. ఆనాడు వాళ్లకు మనం చెప్పేది, చూడొద్దని! నీలాపనిందల కథ మీద నాకు కోపం లేదు. శమంతకోపాఖ్యానం చక్కని కథ. అక్షతలు నెత్తిన వేసుకున్నాక చంద్రుణ్ణి చూస్తే దోషం లేదని ఆ కథే చెబుతోందిగా. వేసుకునే వెళ్లండి. మబ్బు లేకపోతే చాలు.

భూమి నీడ అంటే ఏమిటో చూడాలనుకుంటే అందుకు వేరే రాత్రులున్నాయి. 2025 సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం మన దేశమంతటా కనిపించింది. పదింటికి కాస్త ముందు మొదలై, పదకొండు నుంచి గంటా ఇరవై నిమిషాలకు పైగా చంద్రుడు పూర్తిగా నీడలో ఉండి రాగిరంగుకు మారాడు. కంటికి ఏ అద్దమూ అక్కరలేదు, ఏ ప్రమాదమూ లేదు. చంద్రబింబం మీద పాకే ఆ నీడ అంచు గుండ్రంగా ఉండడమే భూమి గుండ్రమని చెప్పడానికి అరిస్టాటిల్ చూపిన రుజువుల్లో ఒకటి. ఎన్ని బడులు ఆ రాత్రి పిల్లలను మేలుకొని చూడమన్నాయి? మా వీధిలో మటుకు ఆ వేళకు తలుపులన్నీ మూసే ఉన్నాయి.

ఋతువుల పాఠానిదీ ఇదే తీరు. భూమి సూర్యుడికి దగ్గరైనప్పుడు ఎండాకాలం అని నమ్మే పట్టభద్రులు మనలో ఎందరో. నిజానికి దగ్గరయ్యేది జనవరి మొదటి వారంలో, 14.7 కోట్ల కిలోమీటర్లకు. దూరమయ్యేది జూలైలో, 15.2 కోట్లకు. భోగిమంట దగ్గర వణుకుతున్న పిల్లవాడికి ఈ రెండు అంకెలు చెబితే చాలు. పాఠ్యపుస్తకాల బొమ్మల్లో కనిపించే నాలుగు ఋతువుల పటం ఐరోపాకు సరిపోయేది. మన ఎండాకాలాన్ని అది చెప్పదు. కర్కటరేఖకు దక్షిణాన ఉన్న మనకు సూర్యుడు ఏడాదికి రెండుసార్లు నడినెత్తికి వస్తాడు. హైదరాబాదులో మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరొకసారి. మేలో మాడిపోతాం. ఆగస్టులో అదే సూర్యుడు అక్కడే ఉన్నా మబ్బులూ వానలూ కాపాడతాయి. మధ్యలో జూన్ నెలంతా మిట్టమధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. ఆవరణలో ఒక కర్ర నిలువుగా పాతితే కనబడే సంగతి ఇది.

"పల్లెటూరి బడికి దూరదర్శిని ఎక్కడిదండీ?" అని ఉపాధ్యాయ మిత్రులు నొచ్చుకుంటారు. అడిగిందెవరు? నేనడిగేది ఒక కర్ర, ఒక పిడికిలి. చేయి బారచాపి పిడికిలి పట్టుకుంటే దాని వెడల్పు ఇంచుమించు పది డిగ్రీలు. ధ్రువ నక్షత్రం హైదరాబాదులో క్షితిజం మీద పిడికిలిన్నర పైచిలుకు ఎత్తున, పదిహేడు డిగ్రీల దగ్గర ఉంటుంది. తిరుపతిలో పద్నాలుగుకు లోపు. ఆదిలాబాదులో ఇరవైకి దగ్గర. అదే ఆ ఊరి అక్షాంశం! తిరుపతి పిల్లవాడూ ఆదిలాబాదు పిల్లవాడూ కొలతలు చెప్పుకుంటే భూమి వంపు వాళ్ల చేతుల్లోకి వచ్చినట్టే. నిజమైన అడ్డంకి వేరే ఉంది: చుక్కలు పొడిచే వేళకు వసతి బడుల్లో పిల్లలను స్టడీ అవరు పేరిట గదుల్లో కూర్చోబెడతారు. ఖగోళ పాఠం బట్టీ పట్టడానికే కాబోలు.

ఇక రెండో పక్షం. అంతా మన పూర్వులు చెప్పేశారనేవారు. వారితో నా పేచీ ఇంకా పెద్దది. పంచాంగం రాసినవారు తల ఎత్తి చూశారు. దాన్ని పొగిడేవారు తల ఎత్తరు. కార్తికానికి ఆ పేరు ఎందుకొచ్చింది? ఆ నెల పున్నమి చంద్రుడు కృత్తికల దగ్గర ఉంటాడు గనుక. ఆ కృత్తికలనే మన పల్లెల్లో పిల్లలకోడి అన్నారు. దీపాలు వదిలిన చేత్తోనే పైకి చూపించి ఆ చుక్కల గుంపు ఏదని అడగండి, ఎందరు చెబుతారో. ఉత్తరాయణమూ అంతే. సూర్యుడు ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 21, 22 తేదీలలో. మనం పండుగ చేసుకునేది జనవరి 14, 15న. భూమి అక్షం దాదాపు 26 వేల ఏళ్లకొక చుట్టు చొప్పున బొంగరంలా తూగుతుండడం వల్ల, సుమారు పదిహేడు వందల ఏళ్ల క్రితం కలిసి ఉన్న ఆ రెండు తేదీలూ విడిపోయాయి. పండుగను కదపమని నేననడం లేదు. ఆ ఎడం ఎంత గొప్ప పాఠం! ఒకే పిల్లవాడు భూగోళంలో ఒక తేదీ, సంక్రాంతి వ్యాసంలో మరో తేదీ రాసి రెంటికీ మార్కులు తెచ్చుకుంటాడు. ఎవరూ ఆగరు.

గ్రహణానికి కారణం రాహుకేతువులు కాదు, నీడలే అని ఆర్యభటుడు రాసింది 499లో. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడడానికి జాన్సెన్ ఫ్రాన్సు నుంచి ఓడలో గుంటూరు వచ్చాడు. (హీలియం గుంటూరులోనే పుట్టిందని గర్వపడేవారు కాస్త నిదానించాలి. ఆ కథలో లాకియర్‌కూ వాటా ఉంది. జాన్సెన్ ఇక్కడ నేర్చింది గ్రహణం లేకుండానే సూర్యుడి జ్వాలలను పరికించే పద్ధతి. ఆ మర్నాడే అక్కడే చేసి చూశాడు.) 1980 ఫిబ్రవరి 16న మళ్లీ సంపూర్ణ గ్రహణం తెలంగాణ మీదుగా సాగినప్పుడు జపాల్ రంగాపూర్‌లోని ఉస్మానియా వేధశాల ఆ నీడలోనే ఉంది. అక్కడ శాస్త్రవేత్తలు పైకి చూస్తుండగా ఊళ్లలో వీధులు నిర్మానుష్యమయ్యాయి. సూర్యుణ్ణి సూటిగా చూడడం కంటికి చేటు, నిజమే. కాని చెట్టు కింద ఆకుల సందుల్లోంచి నేల మీద పడే వందలాది చిన్న నెలవంకలను చూడడానికి భయమెందుకు?

నన్నడిగితే "చంద్రకళలను వివరింపుము" అనే ప్రశ్నను కొన్నేళ్లపాటు నిషేధిస్తాను. దాని బదులు, శుద్ధ విదియ మొదలు పున్నమి దాకా రోజూ సాయంత్రం ఏడింటికి మీ ఇంటి నుంచి చంద్రుడు ఏ చెట్టు మీద, ఏ మేడ మీద కనిపించాడో బొమ్మ గీసి తెమ్మంటాను. మార్కులు దానికే. పిల్లలు ఒకరిది చూసి ఒకరు గీస్తారని అప్పుడే ఒక మాస్టారు హెచ్చరించారు కూడా. ఎలా గీస్తారు మాస్టారూ? ఎవరింటి చెట్టు వారిది కదా.