సూదిమొనపైని సాక్ష్యము

1916వ సంవత్సరమునఁ గలకత్తాలో స్థాపింపఁబడిన భారత జంతు సర్వేక్షణ సంస్థ వంటి చోట్ల, పెంకుపురుగు కుడిఱెక్క కవచమున సన్నని సూదిని గ్రుచ్చి, దాని క్రింద దొరకిన యూరు, తేది, సేకరించినవారి పేరు వ్రాసిన చిన్న చీటిని తగిలించి, చెమ్మయు, బూజును, ఎండిన కీటకములనే తినివేయు పురుగులును సోకకుండఁ దరతరములు కాపాడు పరిశోధకుని శ్రమను మనము గుర్తింపకుండుట యన్యాయము. చీటి పోయిన పురుగు శాస్త్రమునకు దాదాపు నిరుపయోగము. ఒక జాతికి నామకరణము చేసినపు డాధారమైన మూల నమూనా నశించినచో, దాని లోటును మఱియొకటి పూర్తిగాఁ దీర్పఁజాలదు. 2018 సెప్టెంబరు 2న బ్రెజిల్ జాతీయ మ్యూజియము దగ్ధమైనపుడు లక్షలకొలఁది కీటకములు భస్మమైనవి. పైరును దినునది యేదో, దానిని వేఁటాడి రైతునకు మేలు చేయునది యేదో సందేహము కలిగినపుడు తుదకు నమూనాలను దాఁచిన యీ పెట్టెలే ప్రమాణము. కావున నిట్టి సంగ్రహములను గాచు నుద్యోగములను ఖాళీగా నుంచక, యువశాస్త్రజ్ఞులను నియమింపుఁడని ప్రభుత్వములను గోరుచున్నాను.