వాస్తుశిల్పుల గ్రంథములు, మన ఇండ్లు

ఆధునిక గృహనిర్మాణమును గూర్చి రెండు తరగతుల గ్రంథములు కలవు. మొదటివి శిల్పి ఆశయమును చాటును. రెండవవి ఆ ఇంట కాపురముండువాని సుఖమును విచారించును.

1923లో లె కార్బూజియే పారిస్‌లో ప్రకటించిన గ్రంథము మొదటి తరగతిది. ఓడలను, మోటారుకార్లను, విమానములను ఆయన ఇంటికి ఆదర్శములుగా జూపెను. ఆ మహాశిల్పియే 1950 దశకమున చండీగఢ్‌లో సచివాలయమును కట్టించునపుడు ఎండ నాపుటకై కిటికీల ముందు కాంక్రీటు పలకలను నిలుపవలసి వచ్చెను.

రెండవ తరగతికి ఓట్టో కోనిగ్స్‌బెర్గర్ చెందును. జర్మనీ విడిచి, 1939లో మైసూరు సంస్థాన కొలువున చేరిన ఈయన 1948లో భువనేశ్వర నగర ప్రణాళికను రచించెను. అచటి మన కుటుంబములు ఆయన పేరెరుగకయే ఆయన యోచించిన నగరమున నివసించుచున్నవి. మరి ముగ్గురితో గూడి 1974లో ఆయన వెలువరించిన ఉష్ణదేశ గృహనిర్మాణ గ్రంథము ఎండ దిక్కు, గాలి త్రోవ, గోడ మందము, నీడ, వీనిని లెక్కగట్టి చెప్పును.

మన పెద్దల మండువా లోగిళ్లు ఎరిగిన లెక్కయే ఇది. వానిని కూల్చి, పడమటి గోడకు అద్దములు బిగించి, పిదప ఏసీలకు కరెంటు బిల్లులు చెల్లించుట ఆధునికత కానేరదు. సిమెంటును మేము నిందింపము. వర్తకులమగు మాకు దాని విలువ తెలియును. మన సంఘ గ్రంథాలయములలో రెండవ తరగతి గ్రంథములు ఉండవలెనని మాత్రము కోరుచున్నాము. ఇల్లు కట్టదలచినవారు ప్లాను గీయువానిని ముందుగా అడుగవలసినది ముఖద్వారపు సొగసు గాదు. వేసవి మధ్యాహ్నమున ఇంటిలోని ముసలివారు, పసివారు ఏ గదిలో పడుకొందురని.